మనకు పసుపు హెచ్చరిక, పాతపట్నానికి నారింజ: వరి కోయాలా, ఆగాలా?

మెరకచేను: నిన్నటి నుంచి మబ్బు వదలడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. రాబోయే నాలుగు రోజులకు భువనేశ్వర్ వాతావరణ కేంద్రం ఒడిశాలోని మన గజపతి జిల్లాకు పసుపు హెచ్చరిక ఇచ్చింది. అమరావతి వాళ్లు శ్రీకాకుళానికి నారింజ ఇచ్చారు. మన పర్లాకిమిడికీ, సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికీ దూరమెంత? నాది రెండెకరాల కౌలు చేను, 1010 రకం వరి. కంకిలో ముప్పాతిక గింజ పండింది. ఎవరి మాట పట్టుకుని కోయాలి?

వంశధార ఒడ్డు: కోసెయ్ తమ్ముడూ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. నైరుతి వెనక్కి మళ్లే ఈ రోజుల్లో సముద్రం ఇంకా వేడిగానే ఉంటుంది, తుపానుకి అదే బలం. తిత్లీ అప్పుడు ‘తీరం వాళ్లకి కదా’ అనుకున్నాం. మన జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. నా మూడెకరాలూ నీళ్లలో పడుకుంది. చేలోనే మొలకలొచ్చిన కంకులు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

గట్టు మాస్టారు: రంగు చూసి భయపడకండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని. శ్రీకాకుళానికి పొడవైన తీరం ఉంది, మనకు లేదు. జిల్లా మొత్తానికి ఒకే రంగు వేస్తారు కాబట్టి సరిహద్దు దగ్గర ఇలాగే కనిపిస్తుంది. హెచ్చరికలో ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అని ఉంది. అంటే జిల్లాలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతికశాతానికి మించి అంత వాన పడదని అర్థం. భారీ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం.

వంశధార ఒడ్డు: ఆ ఒకటి రెండు చోట్లలో నా చేను ఉండదని మీరు రాసిస్తారా మాస్టారూ?

గట్టు మాస్టారు: ఎవరూ రాసివ్వరు బాబూ. ఆ మాటకి అర్థం చెప్పానంతే.

కాశీనగర్ కుర్రాడు: ఇక్కడ చినుకులు మొదలయ్యాయి.

వంశధార ఒడ్డు: అర్థం ఎవరికి కావాలి? 2018లో కూడా నాకు ఒకాయన అర్థమే చెప్పాడు. ఆగు, రెండు రోజుల్లో తేలిపోతుందన్నాడు. ఆగాను, పోయింది.

పెద్దకల్లం: నేను చెప్పేది వినండి. ముప్పాతిక పండిన చేను ఇప్పుడు కోస్తే తాలు, పచ్చిగింజ ఎక్కువ వస్తాయి. నూటికి 80, 85 గింజలు బంగారు రంగు తిరిగాకే కోయాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. ఈ మబ్బులో ఎక్కడ ఆరబెడతారు? కోసిన పన మీద వాన పడటం కన్నా నిలబడ్డ చేను మీద పడటమే నయం. నాలుగు రోజులు ఆగండి.

మెరకచేను: నిలబడితే కదండీ! గాలొస్తే పడిపోతుంది.

పెద్దకల్లం: బీమా ఉంది కదా. కోసి చేలో ఆరబెట్టిన పంటకు కూడా 14 రోజుల వరకు ఫసల్ బీమా వర్తిస్తుంది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి, అంతే. ఊరికే టెన్షన్ పడుతున్నారు.

మెరకచేను: అన్నా, బీమా ఎవరి పేరు మీద ఉంది? పట్టా ఎవరిదైతే వాళ్లది. ఒడిశాలో 1960 నాటి భూసంస్కరణల చట్టం కౌలుకివ్వడాన్నే చాలావరకు నిషేధించింది. అందుకని ఏ ఆసామీ కాగితం రాసివ్వడు. అంతా నోటిమాటే. పోయినసారి మా చేనుకి వచ్చిన పరిహారం ఆసామీ ఖాతాలో పడింది. నాకు పైసా రాలేదు. గింజ బరువు తగ్గుతుందని మీరు ఆగమంటున్నారు. మొత్తం పోతే నాకేం మిగులుతుంది? ఆసామీకి ఎకరానికి పన్నెండు బస్తాలు మాత్రం కొలిచి ఇవ్వాల్సిందే.

పెద్దకల్లం: నేనూ భూమి కౌలుకిచ్చినవాడినే. పచ్చిగా కోసి తాలు గింజ నా వాటా కింద పోస్తే నేనెందుకు ఊరుకుంటాను? మీ భయానికి మా నష్టమా?

వంశధార ఒడ్డు: ఇప్పుడు బయటపడింది! పొద్దుట నుంచి తేమ, రంగు, శాతం అంటున్నారు. ఇది వాన గొడవ కాదు, వాటా గొడవ. ఆగితే వచ్చే ప్రమాదం ఒకడిది, బరువు లాభం ఇద్దరిది. ఆ లెక్క చెప్పకుండా ఆగమని సలహా ఇవ్వడం తప్పు.

పెద్దకల్లం: నన్ను దొంగని చేయకండి. నాకూ పిల్లల ఫీజులు ఆ ధాన్యం మీదే. ఒక ఏడాది తగ్గిస్తే మరుసటి ఏడాది అదే అడుగుతారు.

గట్టు మాస్టారు: ఇద్దరూ కాస్త ఆగండి. మెరకచేను బాబూ, ఆసామీతో ముందే మాట్లాడావా?

మెరకచేను: మధ్యాహ్నం నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను మాస్టారూ. ఎత్తలేదు. తెల్లారితే మెరకలో ఉన్న ఎకరన్నర చేత్తోనే కోస్తాం, నలుగురు వస్తామన్నారు. పల్లంలో అరెకరం ఇంకా పచ్చిగానే ఉంది, అది వదిలేస్తున్నాను. పనలు కప్పడానికి టార్పాలిన్లు కావాలి. పర్లాకిమిడిలో అద్దెకు ఎవరిస్తారు?

పెద్దకల్లం: కోసుకోండి. వాటా విషయంలో మాత్రం నా మాట మారదు.

కాశీనగర్ కుర్రాడు: మా కల్లంలో రెండు పెద్దవి ఉన్నాయి అన్నా. అద్దె వద్దు. వాన పెరగకముందే, ఈ రాత్రికే వచ్చి తీసుకెళ్లు.