కొబ్బరితోటలో ఇల్లు: బూస్టరు పెట్టినా ఫోను పలకడం లేదు

లంకవాసి:
మాది కోనసీమలో ఒక లంక. మా ఇంటి దగ్గర టవర్ లేదు. నిన్న మధ్యాహ్నం భోజనం చేసి డాబా ఎక్కినవాణ్ని, దీపాలు పెట్టే వేళకు దిగాను. నాలుగున్నర వేలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించిన సిగ్నల్ బూస్టరుకు బయటి యాంటెన్నాను ఇనుప గొట్టానికి కట్టి, కేబులు ఇంట్లోకి లాగాను. పచ్చ లైటు వెలుగుతోంది గాని మాట మధ్యలో తెగిపోతూనే ఉంది. పైగా ఇది పెట్టినప్పటి నుంచి తమ ఫోన్లు కూడా పాడయ్యాయని పక్కింటివారు అంటున్నారు. బూస్టరే చెడిపోయిందా, నేనేమైనా తప్పు చేశానా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

పిల్లకాలువ:
ఏ కంపెనీ సిమ్ము? 4జీయా, 5జీయా? సిగ్నల్ బలం చెప్పే డీబీఎమ్ అంకె ఎంత?

లంకవాసి:
ఏ సిమ్మయితే ఏమిటండీ, అసలు టవరే లేదంటున్నాను కదా.

పాత రేడియో:
టవరు లేకపోవడం వేరు, మీ ఇంటికి సిగ్నల్ అందకపోవడం వేరు. మన వైపు అందరూ రెండింటినీ కలిపి ‘టవర్ లేదు’ అనేస్తారు గాని, మందు మాత్రం దేనికదే. ఫోను మీద కనిపించే గీతలను కూడా నమ్మకండి; వాటిని ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు గీస్తుంది. సెట్టింగుల్లో సిమ్ము వివరాల దగ్గర డీబీఎమ్ అంకె ఉంటుంది. 4జీలో అది మైనస్ 85 దగ్గర ఉంటే బాగున్నట్టు, 110 దాటితే ఇబ్బంది, 120 దగ్గర పడితే మాట నిలవడం కష్టం. మైనస్ పక్కనున్న అంకె మూడు పెరిగిందంటే బలం సగానికి పడిపోయినట్టే. డాబా మీద ఒకసారి, వంటింట్లో ఒకసారి చూసి రాయండి.

రూలుకర్ర:
మీరందరూ బూస్టరు అంటున్నది నిజానికి రిపీటరు, అంటే అందుకున్న సిగ్నల్‌ను పెద్దది చేసి మళ్ళీ పంపే పరికరం. అనుమతి లేని రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చినప్పటి నుంచీ నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతి ఉండాలనే చెబుతుంది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి ఇంట్లో పెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. పక్కింటివారు చెప్పినదాన్ని తేలికగా తీసుకోకండి, ఆ పరికరం టవరుకే రొద పుట్టిస్తూ ఉండవచ్చు.

లంకవాసి:
పేరు ఏదైనా కానివ్వండి, నాకు కావలసింది మా అమ్మగారి ఫోను మోగడం. డాబా మీద మైనస్ 96, వంటింట్లో 119 చూపిస్తోంది. కొబ్బరికాయలు తడవకుండా పోయిన వేసవిలో డాబా అంతటా ఇనుప రేకుల షెడ్డు వేయించాం, యాంటెన్నా గొట్టం దాని స్తంభానికే ఉంది. బూస్టరు లోపలి డబ్బాను సరిగ్గా యాంటెన్నా కిందనే, మెట్ల గదిలో పెట్టాను.

పాత రేడియో:
ఈ రేకుల సంగతి మొదటే చెప్పవలసింది. పెళ్ళిపందిట్లో మైకును లౌడ్‌స్పీకరు ముందుకు తెస్తే కూత పెడుతుంది కదా, మీ బూస్టరు చేస్తున్నదీ అదే. లోపలి డబ్బా వదిలినదాన్ని బయటి యాంటెన్నా మళ్ళీ అందుకుని, పెద్దది చేసి తిరిగి లోపలికే పంపుతోంది. ఇక రేకులు పైనుంచి, పక్కల నుంచి వచ్చే సిగ్నల్‌ను వెనక్కి కొడతాయి. వాన పడ్డాక తడిసిన కొబ్బరి మట్టలు, తోటలోని అరటి, కోకో ఆకులు ఇంకొంత పీల్చేస్తాయి. 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆకుల దగ్గర త్వరగా నీరసిస్తాయి, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు వాటికన్నా బాగా దూరుతాయి. ఏ తరంగాలన్నది సిమ్ము కంపెనీని బట్టి ఉంటుంది, పిల్లకాలువ ఏ సిమ్మని అడిగింది అందుకే. దూరదర్శన్ రోజుల్లో మేము వెదురు గెడకు అల్యూమినియం యాంటెన్నా కట్టి, ఒకరు పైన తిప్పుతుంటే మరొకరు కింద నుంచి ‘వచ్చింది, వచ్చింది’ అని కేకలు వేసేవాళ్ళం. ఎత్తు, దిక్కు ఇప్పటికీ అంతే ముఖ్యం.

పిల్లకాలువ:
బూస్టరు పీకేయండి. ఇంట్లో ఫైబరు ఇంటర్నెట్ ఉందా?

లంకవాసి:
ఉంది, కరెంటు స్తంభాల మీదుగా తీగ వచ్చింది. అది టీవీకి, పిల్లల చదువుకు. ఫోను సంగతికీ దానికీ ఏమిటి సంబంధం?

పిల్లకాలువ:
ఆ మాట పొద్దున్నే చెప్పి ఉంటే సరిపోయేది. సెట్టింగుల్లో ‘వై-ఫై కాలింగ్’ ఆన్ చేయండి.

పాత రేడియో:
కొంచెం వివరిస్తాను. 2019 చివరి నుంచి మన దేశంలో ఈ సౌకర్యం ఉంది. టవరుతో పని లేకుండా ఇంటి వై-ఫై మీదుగానే మామూలు కాల్ వెళుతుంది, నెంబరు మారదు, ఎదుటివారికి ఏ యాప్ అక్కర్లేదు. అయితే సిమ్ము కంపెనీ ఇవ్వాలి, ఫోను మోడల్‌లో ఉండాలి. మీటల ఫోన్లలో సాధారణంగా ఉండదు. ఫైబరు లేనివారు సిమ్ము వేసే రూటరు తీసుకుని, రేకుల పైకి, ఆకుల నుంచి వీలైనంత దూరంగా యాంటెన్నా ఎత్తి, కేబులు పొట్టిగా ఉంచుకోవాలి. సన్నని కేబులు పదిహేను మీటర్లు లాగితే పట్టుకున్న సిగ్నల్‌లో చాలా భాగం దారిలోనే ఖర్చయిపోతుంది.

రూలుకర్ర:
ఆ రూటరు అనుమతి ఉన్నదే కొనాలి. తీసేసిన రిపీటరును ఇంకొకరికి అమ్మకండి.

లంకవాసి:
ఆన్ చేశాను. అమ్మగారి ఫోను వంటింట్లోనే మోగింది, మా అక్కయ్య పలికింది. ధన్యవాదాలు. ఒక్క సందేహం: మా వైపు గాలీ వానా వస్తే ముందు పోయేది కరెంటే, అప్పుడో?

పిల్లకాలువ:
రూటరు పన్నెండు వోల్టులదైతే చిన్న యూపీఎస్, అంటే కరెంటు పోయినా నడిపే బ్యాటరీ డబ్బా దొరుకుతుంది. ఫైబరు డబ్బా విడిగా ఉంటే దానికీ కలపాలి, ఒక్కటే వెలిగితే లాభం లేదు.