ప్రొబేషన్‌లో ఉండి, నాన్నగారి కోసం వేరే స్టేట్‌కి మారొచ్చా?

ప్రశ్న:
అమెరికాలోని జార్జియాలో ఫెలొనీ (పెద్ద నేరం) కేసు మీద ప్రొబేషన్‌లో, అంటే కోర్టు షరతులతో ఆఫీసర్ పర్యవేక్షణలో ఉన్నాను. ఏడాదికి పైగా మిగిలి ఉంది. ఫీజు బాకీల్లేవు, రిపోర్టింగ్ ఎప్పుడూ తప్పలేదు. నాన్న టెక్సాస్‌లో అన్నయ్య దగ్గర ఉంటారు, డయాలసిస్ మొదలైంది. అన్నయ్యా వదినా ఇద్దరూ ఉద్యోగస్తులే, పగలు చూసుకునే మనిషి లేరు. ముందు వెళ్లిపోయి, తర్వాత ఆఫీసర్‌కి చెబితే సరిపోతుందా?

జవాబు 1:
అలా మాత్రం చేయకండి. అనుమతి లేకుండా మకాం మారిస్తే అదే వయొలేషన్ (షరతుల ఉల్లంఘన), వారంట్ దాకా వెళ్తుంది. దీనికి ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్ (ప్రొబేషన్ పర్యవేక్షణను వేరే స్టేట్‌కి మార్చేందుకు స్టేట్‌ల మధ్య ఉన్న ఒప్పందం) కింద ట్రాన్స్‌ఫర్ ఉంది. దరఖాస్తు మీరు నేరుగా టెక్సాస్‌కి పంపలేరు, మీ ప్రొబేషన్ ఆఫీసరే పంపాలి.

చాలామంది పొరబడేది ఒకచోట: జబ్బు ఎంత పెద్దదైనా దాన్ని చూసే ట్రాన్స్‌ఫర్ ఇవ్వాలని రూల్ లేదు. మీ కేసు నిలబడేది అన్నయ్య మీద. ఆయన కనీసం 180 రోజులుగా టెక్సాస్‌లో ఉంటూ, మీకు సాయం చేస్తానని ఒప్పుకోవాలి. మీకు 90 రోజులకు మించి ప్రొబేషన్ మిగిలి ఉండాలి, షరతులన్నీ పాటిస్తూ ఉండాలి, అక్కడ ఉద్యోగమో బతుకుదెరువో చూపించాలి. ఇవన్నీ ఉంటే టెక్సాస్ ఒప్పుకోవాల్సిందే. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బాబాయి, మేనమామ ఈ లెక్కలోకి వస్తారు. అత్తమామలు, బావమరుదులు రారు. అక్కడ వాళ్లు మాత్రమే ఉంటే ట్రాన్స్‌ఫర్ ఇవ్వడం, ఇవ్వకపోవడం టెక్సాస్ ఇష్టం.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. దరఖాస్తు అందాక టెక్సాస్‌కి 45 రోజుల గడువు. అక్కడి ఆఫీసర్ ఫోన్ చేస్తారు, ఇంటికి కూడా రావొచ్చు. బెడిసికొట్టేది ఇక్కడే. తెలియని నంబరని అన్నయ్య ఫోన్ ఎత్తరు, లేదా తలుపు తీసిన వదినగారికి సంగతే తెలియదు. ఇద్దరికీ ముందే చెప్పి ఉంచండి. అద్దె ఇల్లయితే మీరు ఉండటానికి లీజు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి.

తొందరగా కావాలంటే ఎమర్జెన్సీ కింద రిపోర్టింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (దరఖాస్తు తేలకముందే అక్కడికి వెళ్లి రిపోర్ట్ చేసేందుకు అనుమతి) అడగమని మీ ఆఫీసర్‌ని కోరండి. దానికి టెక్సాస్ 2 పని దినాల్లో జవాబివ్వాలి, కానీ అది ఎమర్జెన్సీ అని రెండు స్టేట్‌లూ ఒప్పుకోవాలి. నాన్నగారి జబ్బు పనికొచ్చేది ఇక్కడే. డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ చాలు: జబ్బు పేరు, వారంలో ఏయే రోజులు డయాలసిస్, పక్కన మనిషి ఎందుకు ఉండాలి. రిపోర్టుల కట్ట పెడితే ఎవరూ చదవరు. ఈలోపు చూసి రావాలంటే ట్రావెల్ పర్మిట్ అడగండి, అందులో రాసిన తేదీకి తిరిగి రావాలి.

జవాబు 3:
ఇది చదివే మిగతావాళ్ల కోసం: మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కేసులన్నీ కాంపాక్ట్ కిందకు రావు. మొదటిసారి డీయూఐ (మత్తులో బండి నడపడం) మిస్‌డిమీనర్ ఒక్కటే అయితే సాధారణంగా రాదు. అప్పుడు మీ ఆఫీసర్, శిక్ష వేసిన కోర్టు అనుమతితోనే వెళ్లాలి.

ట్రాన్స్‌ఫర్ వచ్చినా కేసు జార్జియా కోర్టు చేతిలోనే ఉంటుంది, టెక్సాస్ చూసేది పర్యవేక్షణ మాత్రమే. దరఖాస్తుతోపాటు ఎక్స్‌ట్రడిషన్ వేవర్ మీద సంతకం పెట్టిస్తారు, అంటే వెనక్కి రమ్మంటే అభ్యంతరం చెప్పలేరు. సిటిజన్ కాకపోతే ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్‌కి అడ్రస్ మార్పు తెలిపే ఫారం) కూడా వేయాలి. ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పినంత మాత్రాన ఇమిగ్రేషన్‌కి చెప్పినట్టు కాదు.