పిల్లలకు వాద్యాలను ఆర్కెస్ట్రా కుటుంబాలుగా చెప్పాలా, తత–సుషిర వర్గాలుగా చెప్పాలా?

స్వరలహరి:
బడిలో ఆరు, ఏడు తరగతులకు సంగీతం చెబుతాను. పుస్తకంలో పాశ్చాత్య వాద్యాలను స్ట్రింగ్స్ (తీగలవి), ఉడ్‌విండ్ (పేరుకు చెక్కవి, ఊదేవి), బ్రాస్ (పేరుకు ఇత్తడివి, ఊదేవి), పర్కషన్ (కొట్టి వాయించేవి) అని నాలుగు కుటుంబాలుగా ఇచ్చారు. ఈ పద్ధతి వద్దంటాను. ఇత్తడి సాక్సోఫోన్ ఉడ్‌విండ్‌లో ఉంటుంది, వెండి ఫ్లూటూ అందులోనే ఉంటుంది. పిల్లలు ఎందుకని అడుగుతారు. నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో ఉన్న విభజన చూడండి. తీగ మోగితే తతం, గాలి మోగితే సుషిరం, చర్మం మోగితే అవనద్ధం, వస్తువే మోగితే ఘనం. వీణకైనా వయొలిన్‌కైనా, డప్పుకైనా ఆర్కెస్ట్రా డోలు టింపానీకైనా ఒకటే సూత్రం. 1914లో వాద్య పరిశోధకులు హార్న్‌బోస్టెల్, కుర్ట్ జాక్స్ ప్రపంచ వాద్యాలన్నిటికీ చేసిన వర్గీకరణలోనూ పెద్ద వర్గాలు ఈ నాలుగే. ఇంత తేటగా ఉన్నది వదిలేసి పిల్లల్ని తికమక పెట్టడం ఎందుకు?

వేణుగానం:
లహరి గారూ, ఆ కుటుంబాలు ఇప్పుడు లోహాన్నో చెక్కనో చూసి నడవడం లేదండీ. బ్రాస్‌లో ఊదేవాళ్ల పెదాలే కంపిస్తాయి. ఉడ్‌విండ్‌లో రీడ్ (ఊదితే అదిరే పలుచని ముక్క) కంపిస్తుంది, లేదా గాలి ఒక అంచుకు తగిలి పలుకుతుంది. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్న సాక్సోఫోన్‌కి క్లారినెట్‌లాగే ఒంటి రీడ్ ఉంది, అందుకే అది అటు చేరింది. స్విట్జర్లాండ్ ఆల్ప్‌హార్న్ చెక్కతో చేసిందే, కానీ పెదాలతో పలుకుతుంది కాబట్టి ట్రంపెట్‌కి చుట్టం. మన నాదస్వరానిదీ, ఆర్కెస్ట్రాలో ఊదే ఓబోదీ జంట రీడ్. షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నవాళ్లకు ఓబోలో ఆ పోలిక వినిపిస్తుంది. అన్నిటినీ సుషిరం అనేసి ఊరుకుంటే ఈ తేడాలు పిల్లల చెవిన పడవు.

ఘటం మాస్టారు:
సుషిరంలో ఉపవర్గాలు చేసుకోవచ్చు కదండీ. 1914 నాటి పద్ధతిలోనూ అంచువి, రీడ్‌వి, పెదాలవి విడివిడిగానే ఉన్నాయి. అసలు ఒకే ఉడ్‌విండ్ కుటుంబంలో ఎంత తేడా ఉందో చూడండి. ఫ్లూటులో గాలి తీవ్రత పెంచితే స మీద నుంచి పై స్థాయి స వస్తుంది. క్లారినెట్‌లో పై స్వరాలకు వాడే రిజిస్టర్ కీ నొక్కితే పై స్థాయి ప వస్తుంది, ఎందుకంటే దాని గొట్టం ఒక చివర మూసినట్టే పనిచేస్తుంది. మోగే తీరును బట్టి చెబితేనే పిల్లలకు ఇది అర్థమవుతుంది. పియానో తీగ వాద్యమా, కొట్టే వాద్యమా అన్న తగువు కూడా తీరిపోతుంది. సుత్తి కొట్టినా మోగేది తీగ, కాబట్టి తతం. తీగలున్న సంతూర్‌నీ పుల్లలతో కొడతారు, దాన్ని డోలు పక్కన పెడతామా?

డల్లాస్ తెలుగు:
మా అమ్మాయి ఇక్కడ యూత్ ఆర్కెస్ట్రాలో పర్కషన్ వాయిస్తుంది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆర్కెస్ట్రా కుటుంబాలు ఏ వాద్యం ఎలా మోగుతుందో చెప్పడానికి మాత్రమే పెట్టినవి కావు. ఎవరు వాయించాలి, ఎక్కడ ఉండాలి, స్కోరులో (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతిలో) ఏ వరుసలో రాయాలి అన్నదీ వాటిని బట్టే ఉంటుంది. స్కోరులో పైన ఉడ్‌విండ్, దాని కింద బ్రాస్, తర్వాత పర్కషన్, అడుగున స్ట్రింగ్స్. మా అమ్మాయి ఒకే రచనలో లోహపు ట్రయాంగిల్ వదిలి బాస్ డ్రమ్ దగ్గరికి వెళ్తుంది, అంటే ఘనం నుంచి అవనద్ధానికి. స్వరకర్త ఎడ్గార్ వరేజ్ 1931లో పూర్తి చేసిన 'అయోనిజేషన్'లో సైరన్లున్నాయి. సైరన్‌లో మోగేది గాలే, అయినా తిప్పేది పర్కషన్ వాళ్లు. 1892లో చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్'లో వాడిన చెలెస్టాలో మోగేవి లోహపు పలకలు, వాయించేది కీబోర్డు వచ్చినవాళ్లు.

ఇంకో సంగతి. ఓబో వాయించేవాళ్లే ఇంగ్లిష్ హార్న్ కూడా పట్టుకుంటారు. పేరులో హార్న్ ఉన్నా అది ఓబో జాతిదే. వేళ్ల పద్ధతి దాదాపు ఒకటే. కానీ కాగితం మీద స అని ఉంటే చెవికి వినిపించేది కింది స్థాయి మ. ట్రాన్స్‌పోజిషన్ అనే ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందో కుటుంబాన్ని చూస్తేనే తెలుస్తుంది. వాయించేవాళ్లు వాద్యం మార్చినా వేళ్లు మార్చుకోనక్కర్లేదు. తతం, సుషిరం అన్న మాటలు ఇక్కడ సాయం చేయవు.

స్వరలహరి:
మీ అమ్మాయికి అది పనికొస్తుందండీ, కాదనను. మా పిల్లలు ఆర్కెస్ట్రాని దగ్గర్లో చూసే వీలే లేదు. వాళ్లు చూసేవి డప్పు, సన్నాయి, పెళ్లి బ్యాండు, ఇంట్లో కీబోర్డు. డప్పును పర్కషన్ అంటే వాళ్లకు కొత్తగా ఏం తెలిసింది? చర్మాన్ని నిప్పుకు కాచి బిగిస్తే శ్రుతి ఎందుకు పెరుగుతుందో చెబితే అవనద్ధం అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. అయితే ఎలక్ట్రానిక్ కీబోర్డు నాలుగింటిలోనూ ఇమడదని ఒప్పుకుంటాను. దానికోసం జాక్స్ కూడా 1940లో ఐదో వర్గం కలపాల్సి వచ్చింది.

వేణుగానం:
అందుకే అంటున్నాను, మీ క్లాసుకి మీ వర్గాలే ముందు చెప్పండి. సింఫనీ వినిపించే రోజున మాత్రం కుటుంబాలు చెప్పకుండా దాటేయొద్దు. వయొలిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి బ్రాస్‌లోని హార్న్లు అందుకున్నప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి పిల్లలకు అవి కావాలి. పరీక్షలో "పియానో ఏ కుటుంబం?" అన్న ఒక్క మార్కు ప్రశ్న తీసేయండి. "పియానోలో ఏది కంపిస్తుంది, దాన్ని ఏది కదిలిస్తుంది?" అని అడగండి, రెండు మార్కులివ్వండి.