సర్ కాలిన్ క్యాంప్‌బెల్ ఉన్న ‘రిలీఫ్ ఆఫ్ లక్నో’ బొమ్మ: అసలు ఎన్‌గ్రేవింగా (పలక చెక్కి తీసిన ముద్రా), తర్వాతి కాపీయా?

పాతబొమ్మలు_చెన్నై:
నమస్కారం. ఇక్కడ చెన్నైలో పాత ఇంటి సామాన్ల వేలంలో ఒక పెద్ద నలుపు-తెలుపు బొమ్మ వచ్చింది. ఫ్రేముతో కలిపి దాదాపు నాలుగడుగుల వెడల్పు. మధ్యలో ముగ్గురు సైన్యాధికారులు కలుసుకుంటున్నారు, చుట్టూ గుర్రాలు, సైనికులు. కింద ‘రిలీఫ్ ఆఫ్ లక్నో’ అని ఇంగ్లీషులో ఉంది, అంటే 1857 తిరుగుబాటులో లక్నోలో ముట్టడిలో చిక్కిన బ్రిటిష్ వాళ్ళని విడిపించిన ఘట్టం. ఆ ముగ్గురిలో ఒకరు అప్పటి బ్రిటిష్ ప్రధాన సేనాధిపతి సర్ కాలిన్ క్యాంప్‌బెల్, ఇంకొకరు మన మద్రాసు ఫ్యూజిలియర్ల దళపు నీల్ అనీ, యుద్ధం జరుగుతుండగా అక్కడే నిలబడి గీసిందనీ అమ్మేవాళ్ళు చెప్తున్నారు. ఇది ఆ కాలపు ముద్రేనా అని ఎలా తేల్చుకోవాలి? వాళ్ళు చెప్పే చరిత్రలో ఎంత నిజం? కాగితం మీద గోధుమరంగు మచ్చలున్నాయి, కొంటే ఏం చేయాలి?

లూప్_30ఎక్స్:
ముందు కాగితం సంగతి తేల్చుకోండి, చరిత్ర తర్వాత. 10 రెట్లు చూపే లూప్ (చిన్న భూతద్దం) సరిపోతుంది, 30 రెట్లదైతే ఇంకా మంచిది. ముఖాల మీద కాకుండా ఆకాశం, గుర్రం పొట్ట, నేల మీది నీడ చూడండి. చీకటి నుంచి వెలుగులోకి రంగు మెల్లగా మారే చోటే ముద్రణ పద్ధతి బయటపడుతుంది.

వరుసలు కట్టిన చుక్కలు కనిపిస్తే అది హాఫ్‌టోన్ (ఫోటోని చుక్కలుగా విడగొట్టి అచ్చేసే పద్ధతి), అంటే 19వ శతాబ్దం చివరి దశకాల్లోనో, ఆ తర్వాతో వేసిన కాపీ. నీలం, గులాబి, పసుపు చుక్కలు పువ్వు ఆకారంలో కలిసి కనిపిస్తే ఆఫ్‌సెట్ రంగుల అచ్చు, ఇంకా కొత్తది. గీతలేమీ లేకుండా ఇసుక చల్లినట్టు క్రమం లేని గరుకు మాత్రమే ఉంటే ఫోటోగ్రవ్యూర్ (ఫోటోని లోహపు పలక మీదికి ఎక్కించి ముద్రించేది) అయ్యుండొచ్చు. ఆ పద్ధతి 1879 తర్వాతిది. అసలైనదైతే స్టీలు పలక మీద మిశ్రమ పద్ధతిలో చేసిన పని కనిపించాలి. బట్టలకు, గుర్రాల వెంట్రుకలకు సన్నగా మొదలై, లావై, మళ్ళీ సన్నబడే గీతలు, ముఖాలకు చుక్కలు, నీడల్లో మెజోటింట్ గరుకు. మెజోటింట్‌లో పలక మొత్తాన్ని పళ్ళున్న పనిముట్టుతో గరుకు చేసి, వెలుగు కావలసిన చోట గీకి నునుపు చేస్తారు. అందుకే దాని నలుపు మఖమల్ లాగా ఉంటుంది.

రెండో పరీక్ష పలక అంచు. పలకను తడి కాగితం మీద గట్టిగా నొక్కి ముద్రిస్తారు కాబట్టి బొమ్మ చుట్టూ, ఖాళీ అంచులో, దీర్ఘచతురస్రంగా ఒక పల్లం పడుతుంది. టార్చిని పక్కనుంచి, కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టుకుంటే అది కనిపిస్తుంది. మౌంట్ బోర్డు దాన్ని కప్పేస్తుంది కాబట్టి ఫ్రేము విప్పి చూపించమని అడగండి. ఒక్క హెచ్చరిక: ఫ్రేములో పట్టడానికి ఆ అంచు కత్తిరించేసిన ముద్రలు చాలా ఉంటాయి. పల్లం లేనంత మాత్రాన నకిలీ అనలేం, పల్లం ఉన్నంత మాత్రాన అసలూ అనలేం, ఎందుకంటే ఫోటోగ్రవ్యూర్‌కి కూడా అది ఉంటుంది. గీతలే సాక్ష్యం.

బొమ్మ వెనక వైపు వార్తల అచ్చు ఉంటే అది పత్రికలోంచి చించిన కొయ్య ముద్ర. పెద్ద బొమ్మల్ని చిన్న చిన్న కొయ్య దిమ్మెలు బిగించి చెక్కేవారు. ఆ అతుకుల చోట వెంట్రుకంత తెల్ల గీత నిలువునా, అడ్డంగా పోతుంది. కానీ మీరు చెప్పిన సైజుకి ఆ అవకాశం తక్కువ.

కంటోన్మెంట్_చరిత్ర (బెంగళూరు):
వర్ణన బట్టి ఇది థామస్ జోన్స్ బార్కర్ 1859లో వేసిన తైలవర్ణ చిత్రానికి ముద్ర. అసలు చిత్రం లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ముద్రకి పలక చెక్కింది సి. జి. లూయిస్. కింది అంచులో సన్నటి అక్షరాల్లో ఎడమవైపు చిత్రకారుడి పేరు, కుడివైపు చెక్కినవాడి పేరు ఉన్నాయేమో చూడండి.

మధ్యలో ఉన్న ముగ్గురు బ్రిటిష్ సేనాపతులు క్యాంప్‌బెల్, ఔట్రమ్, హావ్‌లాక్. నీల్ అక్కడ ఉండే వీలే లేదు. ఔట్రమ్, హావ్‌లాక్‌లు ముట్టడిలో ఉన్న రెసిడెన్సీలోకి (లక్నోలోని బ్రిటిష్ ప్రతినిధి ప్రాంగణంలోకి) చొచ్చుకుపోయిన 1857 సెప్టెంబర్ 25నే నీల్ లక్నో వీధుల్లో చనిపోయాడు. ఈ బొమ్మలో చూపించిన కలయిక నవంబర్ 17న జరిగింది. మద్రాసులో నీల్ పేరు చెప్తే ఎవరికైనా తెలుస్తుంది కాబట్టి అమ్మకానికి పనికొస్తుంది, అంతే. మౌంట్ రోడ్డు మీది అతని విగ్రహాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని మ్యూజియానికి తరలించింది.

‘అక్కడే నిలబడి గీసింది’ అనేది కూడా నిలవదు. బార్కర్ ఇండియాకి రాలేదు. ఆగ్న్యూ అనే చిత్రాల వ్యాపార సంస్థ ఎగ్రాన్ లుండ్‌గ్రెన్ అనే స్వీడన్ చిత్రకారుణ్ణి 1858లో ఇక్కడికి పంపింది. అతని స్కెచ్‌లు ఆధారంగా బార్కర్ లండన్‌లో బొమ్మ కట్టాడు. లుండ్‌గ్రెన్ వచ్చేనాటికి ఆ కలయిక జరిగి నెలలు గడిచాయి. హావ్‌లాక్ నవంబర్ 24నే విరేచనాల జబ్బుతో చనిపోయాడు, కాబట్టి అతని ముఖం లుండ్‌గ్రెన్ ఎదురుగా చూసి గీసింది కాదు. క్యాంప్‌బెల్ సంగతి వేరు. 1858లో ఇక్కడే ఉన్నాడు, అప్పటికి 65 ఏళ్ళు. ఆ ముఖాన్ని కొంత నమ్మొచ్చు.

బొమ్మ చెప్పని సంగతి నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. చూస్తే నగరం గెలిచిన సంబరంలా ఉంటుంది. నిజానికి క్యాంప్‌బెల్ రెసిడెన్సీలోని ఆడవాళ్ళనీ పిల్లల్నీ గాయపడ్డవాళ్ళనీ బయటికి తీసుకుని, వారం తిరక్కుండానే లక్నో వదిలి వెనక్కి వెళ్ళాడు. నగరం చేతికి వచ్చింది 1858 మార్చిలో. ఆ కలయికకి ముందురోజు, నవంబర్ 16న, లక్నోలోని సికందర్ బాగ్ తోటలో దాదాపు 2,000 మంది తిరుగుబాటు సిపాయిలు చనిపోయారు. బార్కర్ బొమ్మలో ఆ ఊసు లేదు.

పాతబొమ్మలు_చెన్నై:
చాలా థాంక్స్ అండీ. లూప్‌తో చూశాను: సన్నబడే గీతలున్నాయి, ముఖాల మీద చుక్కలు వరుసలో లేవు. ఎడమ అంచులో పల్లం కనిపించింది. అదే వేలంలో క్యాంప్‌బెల్‌ది అని చిన్న అట్ట ఫోటో కూడా ఉంది. యుద్ధంలో ఆయన్ని నిజంగా ఫోటో తీశారా?

లూప్_30ఎక్స్:
అయితే పెద్దది ఆ కాలపు ముద్రే అనుకోవచ్చు.

ఫోటోలు తీశారు. 1855లో క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్, 1858లో ఇక్కడ ఫెలీచే బియాతో అనే ఫోటోగ్రాఫర్లు తీశారు. బియాతో ఫోటోలో పక్కన అతని సైన్యాధికారి మాన్స్‌ఫీల్డ్ ఉంటాడు. ఫెంటన్‌ది తడి కొలోడియన్ గాజుపలక పద్ధతి: పలకకి పూత పూసి, వెండి ద్రావణంలో ముంచి, ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. ఎక్స్‌పోజర్‌కి సెకన్లు పడుతుంది, కాబట్టి పోరాటం పడదు. కదలకుండా కూర్చున్న సేనాపతి పడతాడు. బియాతో సికందర్ బాగ్ ఫోటోలో నేలమీద కనిపించే ఎముకలు కూడా యుద్ధం అయిన నెలల తర్వాతివి, కెమెరా కోసం అమర్చినవని చరిత్రకారులు అంటారు.

మీ చిన్న ఫోటో సుమారు 10 × 6.4 సెంటీమీటర్ల అట్ట మీద ఉంటే కార్ట్-దె-విజీత్, అంటే విజిటింగ్ కార్డు సైజు ఫోటో. లూప్‌లో కాగితపు నారలు పలచటి మెరుపు కిందనుంచి కనిపించాలి, తెల్లటి భాగాలు పసుపెక్కాలి: అది ఆల్బ్యుమెన్ (గుడ్డు తెల్లసొన పూసిన ఫోటో కాగితం). నారలు అసలు కనిపించకుండా, పక్కనుంచి చూస్తే నీడల్లో అద్దంలా వెండి మెరుపు ఉంటే జెలటిన్ ముద్ర. క్యాంప్‌బెల్ 1863లో పోయాడు, జెలటిన్ కాగితం వాడకంలోకి వచ్చింది 1880ల్లో. అలాంటిదైతే తర్వాతి కాపీనే. పెద్ద డబ్బు పెట్టకండి.

గంజి_జిగురు:
మచ్చల సంగతి. చెన్నైలో గాలి తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే. 65 దాటితే బూజు మొదలవుతుంది. బెంగళూరులో ఇదే బొమ్మ అంత త్వరగా చెడదు. కొన్నాక మొదట వెనక చెక్క పలక తీయండి. పాత ఫ్రేముల్లో అదే కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది, కణుపులు ఉన్నచోట మరీ ఎక్కువ. మేకులు పక్కకి వంచి, ఒక్కోటి లాగాలి. కాగితం చెక్కకి అంటుకుని ఉంటే లాగొద్దు, నీళ్ళు తాకించొద్దు, కాగితపు సంరక్షణ నేర్చినవాళ్ళకి ఇవ్వండి. మచ్చలకి ఇంట్లోని బ్లీచ్ అసలు వద్దు: ఇవాళ తెల్లబడుతుంది, నారలు పుచ్చి కొన్నేళ్ళకి పొడిపొడి అవుతుంది.

మళ్ళీ ఫ్రేము కట్టేటప్పుడు పత్తి గుజ్జుతో చేసిన ఆమ్లం లేని మౌంట్ బోర్డు అడగండి, కనీసం 1.4 మిల్లీమీటర్ల మందం. ఇంత పెద్ద కాగితం తేమకి అలలు తేలుతుంది, అందుకే గాజుకీ కాగితానికీ మధ్య 3 మిల్లీమీటర్లైనా ఖాళీ ఉండాలి; తగిలితే అక్కడ అతుక్కుంటుంది. పై అంచుకి మాత్రమే, జపాన్ కాగితపు ముక్కలతో, గోధుమ పిండిపదార్థపు గంజితో అతికించాలి. నాలుగు వైపులా అతికిస్తే ఉబ్బే కాగితానికి దారి లేక చిరుగుతుంది. ఫెవికాల్, సెల్లోటేపు, లామినేషన్ మూడూ వద్దు, షాపువాళ్ళు ఎంత చెప్పినా సరే. గంజిని సిల్వర్‌ఫిష్ పురుగు తింటుంది కాబట్టి పల్చగా పూయాలి, ఫ్రేము వెనక కాగితం టేపుతో పూర్తిగా మూయాలి.

వానకి తడిసే బయటి గోడకి తగిలించొద్దు. లోపలి గోడకైనా కింది మూలల్లో రబ్బరు బొడిపెలు పెడితే వెనక 5 నుంచి 10 మిల్లీమీటర్ల గాలి ఆడుతుంది. ఏసీ గాలి నేరుగా గాజుకి తగలకూడదు; ఏసీ ఆపగానే చల్లటి గాజు మీద నీటి చెమ్మ చేరుతుంది. మచ్చలు కొత్తగా వస్తున్నాయో లేదో తెలియాలంటే ఇప్పుడే ఒక ఫోటో తీసుకుని, ప్రతి ఈశాన్య రుతుపవనం అయ్యాక, జనవరిలో, దానితో పోల్చి చూడండి.