‘అప్పన్న, తండ్రి రామన్న’ – ఇంత మాత్రం కలిస్తే మావాడేనని ఒప్పేసుకోవచ్చా?

నాగావళి ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు, ఊరి పేరు ఇక్కడ పెట్టను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది. మా తాతకి పెదనాన్న ఒకాయన, పేరు అప్పన్న, కుర్రతనంలోనే కరువొస్తే రంగం, అంటే బర్మాలో రంగూన్, పారిపోయాడని ఇంట్లో చెప్తారు. ఏ ఏడో ఎవరికీ తెలీదు. మొన్న సంక్రాంతి ముందు దక్షిణాఫ్రికాలో డర్బన్ నుంచి ఒకావిడ ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టింది, వాళ్ళ ముత్తాత మా ఊరివాడట. కూలీల్ని తీసుకెళ్ళిన ఓడ లిస్టులో ఆయన వరుస ఫోటో తీసి పంపింది: అప్పన్న, తండ్రి రామన్న, వయసు 22, జిల్లా గంజాం, ఠాణా చికాకోల్ (అంటే మన శ్రీకాకుళమే), ఊరి పేరు స్పెల్లింగ్ వంకరగా ఉంది గానీ చదివితే మా ఊరే, ఓడ 1908ది. మా అప్పన్న తండ్రి కూడా రామన్నే! ఇంట్లో అందరికీ ఒకటే సంబరం, మా బాబాయ్‌కి తప్ప, ఆయన పొలంలో వాటా అడుగుతారేమో కనుక్కో అంటున్నాడు. ఆవిడేమో జులైకి టికెట్ చేసుకుంటానంటోంది. పేరు, తండ్రి పేరు, తాలూకా, ఊరు అన్నీ కలిసాక ఇంకేం కావాలి చెప్పండి?

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
చాలా కావాలి. తొందరపడి ఆవిడతో ఔనని అనేయకండి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మన వైపు ఒకటి చూపించండి నాకు. 1860 నవంబర్ 16న మొదటి కూలీల ఓడ ట్రూరో డర్బన్ చేరింది, అప్పట్నుంచి 1911లో ఆపేసేదాకా డర్బన్ ఉన్న ఆ నాటాల్‌కి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు 1,52,184 మంది, వాళ్ళలో మూడింట రెండొంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. అందులో ఎంతమంది అప్పన్నలో, అప్పలస్వాములో. పైగా ఆ లిస్టులో ఇంటిపేరుకి గడి లేదు. మనకి మనిషెవరో చెప్పేదే ఇంటిపేరు, సరిగ్గా దాన్నే వదిలేసి పేరూ తండ్రి పేరూ రాసుకున్నారు. తర్వాత అక్కడ పుట్టిన పిల్లలకి ఆ తండ్రి పేరే ఇంటిపేరయి కూర్చుంది, అందుకే ఈరోజు డర్బన్‌లో అప్పల్‌సామి అనేది ఇంటిపేరు. ఇంకోటి, గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో పెద్ద కరువు 1896-97లో. మీ ఓడ 1908. 22 ఏళ్ళవాడంటే కరువప్పటికి పదో పదకొండో, పారిపోయే వయసేనా అది?

కళింగపట్నం బావు:
ఏటి బావూ మీరు మరీని, ఆ రోజుల్లో కరువు లేని ఏడు ఏదో సెప్పండి ముందు. రెండేళ్ళు వానలు లేపోతే ఇంట్లోవోళ్ళకి అదే కరువు. ఇంక రంగం అంటారా, మావోళ్ళకి సముద్రం అవతలుండేదంతా రంగమే. మా తాత నిజంగానే రంగం ఎల్నాడు, కళింగపట్నంలో టిక్కెట్టు కొనుక్కుని డెక్కు మీద కూకుని ఎల్నాడు, 42లో జపానోళ్ళు బాంబులేస్తే నడిసి వొచ్చీసాడు. ఆడికి నంబరూ లేదు లిస్టూ లేదు. నాటాలోళ్ళకి కాయితం ఉందంటే కూలికి రాయించుకుని ఎల్లారు గనక ఉంది. ఈ కుర్రోడి ముత్తాత రాయించుకుని ఎల్నాడు, ఇంట్లో రంగం అన్నారు, అంతే.

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
అలా అయితే ఏ కాగితానికైనా ఏ కథైనా అతుక్కుంటుంది బావుగారూ. కరువంటే ఏ కరువైనా, రంగం అంటే ఏ దేశమైనా, అప్పన్న అంటే ఏ అప్పన్నైనా. ఇంక వెతకడం ఎందుకు?

చీపురుపల్లి టీచరమ్మ:
ఇద్దరూ కాసేపు ఆగండి. మన ఇళ్ళల్లో పెద్దకొడుక్కి తాత పేరు పెడతాం కదా, అంటే రామన్న కొడుకు అప్పన్న, వాడి కొడుకు మళ్ళీ రామన్న, వాడి కొడుకు మళ్ళీ అప్పన్న. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురి పెద్దకొడుకులూ అప్పన్నలే, అందుకే పెదప్పన్న, సినప్పన్న, బోడప్పన్న అని పిలుచుకుంటాం, ఓడ ఎక్కించే ముందు కూలీల్ని ఉంచే మద్రాసు డిపోలో రాసుకునే గుమాస్తాకి ఆ బోడ ఎందుకు? కాబట్టి ఒకే ఇంట్లో కూడా తప్పు అప్పన్నని పట్టుకోవచ్చు.

నా సంగతి చెప్తాను, సిగ్గుగానే ఉంది. మా అమ్మ తాతయ్యగారు ఫిజీ వెళ్ళారు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు నడిచింది 1903 నుంచి 1916 దాకానే, కాబట్టి వెతకడం తేలికనుకున్నాను. పేరు కలిసింది, కొత్తవలస కలిసింది. ఫిజీలో ఆ ఇంటి అబ్బాయిని రెండేళ్ళు అన్నయ్యా అని పిలిచాను, మా అమ్మ ఆవకాయ జాడీ కూడా పంపింది. తర్వాత ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చే వలస పాసు మొత్తం కాపీ వచ్చింది, కులం వేరు, తాలూకా వేరు. మన రెండు జిల్లాల్లో కొత్తవలసలు ఎన్నో నాకప్పుడు తట్టలేదు. ఇప్పటికీ అన్నయ్యా అనే పిలుస్తున్నాననుకోండి, మానేయడం బాగోదు.

నాగావళి ఒడ్డు:
టీచరమ్మగారూ చదువుతుంటే నాకు భయమేసింది. కానీ నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది, చెప్పలేదు. మా తాత చెల్లెలు బతికే ఉంది, బుల్లి మామ్మ అంటాం, 91. ఆవిడకి ఈ సంగతి చెప్తే చింతపండు గింజలు తీస్తున్నది ఆపేసి, ఆ... అన్నయ్య చెప్పీవోడు, పెదనాన్న చెరుకుతోటల్లో పని చేసీవోడని, అంది. రంగంలో ఎక్కువమందికి రేవులో, బియ్యం మిల్లుల్లో పని. చెరుకంటే నాటాలే కదా!

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
చెరుకుతోట అన్న మాట ముందు ఎవరి నోట్లోంచి వచ్చింది?

నాగావళి ఒడ్డు:
...మా చెల్లి. మెసేజ్ మొత్తం తెలుగులో చదివి వినిపించింది ఆవిడకి.

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
అయిపోయింది. ఆవిడ అబద్ధం చెప్తుందని కాదు, ఇప్పుడు నిజంగానే గుర్తొస్తుంది ఆవిడకి. ఇంక ఆ జ్ఞాపకం సాక్ష్యానికి పనికిరాదు. ముందు అడగాలి, తర్వాత చెప్పాలి. నేనూ ఒకసారి ఇదే తప్పు చేసాను, మా పెద్దమ్మ విషయంలో.

కళింగపట్నం బావు:
91 ఏళ్ళ మనిసిని పోలీసోడు అడిగినట్టు అడగమంటారేటి. ముసిల్దాని మాట కొట్టీసి ఎవుడో తెల్లోడి గుమాస్తా రాసింది నమ్మాలా? డిపోలో తప్పుడు పేరు, తప్పుడు కులం సెప్పీసినోళ్ళు ఎంతమంది లేరు, ఇంటికాడ తెలిస్తే ఎనక్కి లాక్కొచ్చీస్తారని.

పాత దస్తావేజు:
నేను పాతికేళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. మీ గొడవ బాగుంది గానీ ఇద్దరూ ఒక్క వరుస దగ్గరే కొట్టుకుంటున్నారు. బాబూ, పేరుతో వెతకడం ఆపి భూమితో వెతుకు. ఆ మనిషి తమ్ముడు ఎప్పుడో పొలం అమ్మో, తాకట్టో, భాగాలో చేసి ఉంటాడు కదా. రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్లకి ఒక ఇండెక్సు, ఆస్తులకి ఒక ఇండెక్సు ఉంటాయి, నువ్వు ఆస్తుల వైపు నుంచి రా, మీ పొలం మీద పాత దస్తావేజు దొరికితే నకలు తీసుకో. భాగపరిష్కారంలో అన్నదమ్ములందర్నీ ఇంటిపేరుతో సహా రాయాలి, లేనివాణ్ణి కూడా దేశాంతరం వెళ్ళినాడని రాస్తారు, నేను చదివాను అలాంటివి. ఇంకోటి, మీ బాబాయ్ భయం పోతుంది, నూరేళ్ళు దాటాక ఎవరూ వాటా అడగడానికి విమానం ఎక్కి రారు.

వెతికేటప్పుడు జిల్లా చూసుకో. శ్రీకాకుళం తాలూకా 1936 దాకా గంజాంలో, ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో, 1950 నుంచి సొంత జిల్లా. పాలకొండేమో అప్పుడు కూడా విశాఖపట్నంలోనే. విజయనగరం జిల్లా అయిందే 1979లో. ఓడ లిస్టులో గంజాం అని ఉంది కాబట్టి అంతవరకు మీకు సరిపోయింది, అది కొట్టేయకూడదు.

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
దస్తావేజుగారి మాటకి నా ఓటు. ఇంకో పని, డర్బన్ ఆవిణ్ణి ఆ ఒక్క వరుస కాదు, పైన పది కింద పది అడగండి. నంబర్లు పక్కపక్కన ఉన్నవాళ్ళు చాలాసార్లు కలిసి బయల్దేరినవాళ్ళే. మీ అప్పన్న ఎవరో అప్పన్న పేరు చెప్పదు, పక్కనున్నవాడు చెప్తాడు.

నాగావళి ఒడ్డు:
నాలుగు రోజులు పట్టింది. పేజీ పంపింది. అప్పన్నకి పైన వరుసలోనే మా ఊరే, అదే వంకర స్పెల్లింగ్, ఎర్రన్న, తండ్రి లచ్చన్న, వయసు 20. మా ఊళ్ళో చెరువు వీధిలో లచ్చన్న గారి కుటుంబం అనే పిలుస్తారు ఒక ఇంటిని. ఈసారి ఏమీ చెప్పకుండా వెళ్ళాను, బుద్ధొచ్చింది. మీ ఇంట్లో పాతకాలంలో ఎవరైనా ఊరొదిలి వెళ్ళారా తాతా అని మాత్రం అడిగాను. ఆ పెద్దాయన బీడీ పక్కన పెట్టి, మా ఎర్ర తాత రంగంలో సచ్చిపోనాడు గదా, మనిసి రాలేదని దినం కూడా పెట్టీసారు అన్నాడు. ఒక్కడే వెళ్ళాడా అంటే, ఇంకెవుడో ఉన్నాడంటారు, మీ వీధోడే అనుకుంటాను, పేరు తెల్దు అన్నాడు.

కళింగపట్నం బావు:
ఓరి నాయనో. ఇంకేటి కావాలి నీకు సిత్రగుప్తా?

చిత్రగుప్తుడి అసిస్టెంట్:
ఎర్రన్న అనే పేరూ తక్కువేం కాదు మన వైపు. కానీ ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఆ దినం ఏ ఏడు పెట్టారో, ఎవరి పెళ్ళికి ముందో తర్వాతో అడిగారా?

నాగావళి ఒడ్డు:
అడగలేదు. ఆదివారం మళ్ళీ వెళ్తాను. దస్తావేజు నకలుకి కూడా అప్లై చేసాను, పొలం మీద అప్పన్న తమ్ముడి పేరుతో 1923 నాటిది ఒకటి ఉందన్నారు.