అప్‌డేట్: స్లాబ్ దగ్గర ఆగిన ఇల్లు, కాంట్రాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం

పని మధ్యలో ఆపేసిన కాంట్రాక్టర్‌తో ఏం చేయాలని రెండు నెలల కిందట ఇక్కడ అడిగింది నేనే. వరంగల్‌లో ఇల్లు. చదరపు అడుగుకు 1,900 అని నాన్న నోటిమాటగా ఒప్పుకున్నారు. స్లాబ్ పడ్డాక సంపు, పిట్టగోడ, మెట్ల గది లెక్కలో లేవని కాంట్రాక్టర్ ఇంకో 2,40,000 అడిగి పని ఆపేశాడు.

లాయర్‌ని కలిశాం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కింద నోటిమాట ఒప్పందమూ చెల్లుతుందట. కానీ ఏం అనుకున్నామో రుజువు చేయడమే కష్టమన్నారు. మా దగ్గరున్న రుజువల్లా కాంట్రాక్టర్ జేబు పుస్తకంలో పెన్సిల్‌తో రాసిన ఒక్క లైను: "1150 × 1900". అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

పోయిన ఆదివారం మా బాబాయిని మధ్యలో పెట్టుకుని కాంట్రాక్టర్‌తో స్లాబ్ మీదే కూర్చున్నాం. "మీరు సంపు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు సార్" అన్నాడాయన. అది నిజమే. టేపు పట్టి అన్నీ కొలిచాం. పిట్టగోడ ఆయన ఖర్చు, సంపు మాది, మెట్ల గదికి సగం రేటు. మొత్తం 1,10,000 దగ్గర తెగింది.

ఈసారి 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం. స్టీలు, సిమెంటు ఏ కంపెనీవో, కరెంటు పాయింట్లు ఎన్నో కూడా రాశాం. గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ ఒక్కోటి పూర్తయ్యాకే దాని డబ్బు. చివరి 5 శాతం మాత్రం ఒక వానాకాలం గడిచి, లీకేజీ లేదని చూశాకే ఇస్తాం. దీనికి ఒప్పించడానికే గంట పట్టింది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు, చెరో కాపీ తీసుకున్నాం.

నిన్న ఇటుకల లోడు దిగింది. నాన్న చాలా రోజుల తర్వాత టెన్షన్ లేకుండా అన్నం తిన్నారు.