స్ట్రోక్ తర్వాత నాన్నకు ధ్యాస నిలవడం లేదు, రిహాబ్‌తో పాటు ఆక్యుపంక్చర్ చేయించవచ్చా?

ప్రశ్న (నాగోలు నుంచి):
అందరికీ నమస్కారం. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మొన్న ఎండాకాలంలో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది, మెదడులో కుడివైపు క్లాట్. ఫిజియోతో ఎడమ కాలు, చెయ్యి బాగానే కోలుకుంటున్నాయి, కర్ర లేకుండా నడుస్తున్నారు. ఇబ్బందంతా ధ్యాస దగ్గరే. టీవీ మోగుతుంటే మనం చెప్పేది ఒక్క ముక్క ఎక్కదు, స్నానానికని వెళ్లి సగంలో మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోతారు, కంచంలో ఎడమవైపు వేసిన కూర ముట్టరు, పైగా కూర వెయ్యలేదంటారు. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతూ చిల్లర లెక్క తప్పని మనిషి ఇలా అయిపోతే అమ్మ తట్టుకోలేకపోతోంది. దగ్గర్లో ఒక క్లినిక్ వాళ్లు తలకు సూదులు పెడితే తగ్గిపోతుంది, అన్నాళ్లూ ఫిజియో ఆపేసి సిట్టింగ్‌లకు ప్యాకేజీ కట్టండి అంటున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (సికింద్రాబాద్, ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్లీ సాధన చేయించే థెరపిస్టు):
తమ్ముడూ, ముందు ఆ కంచం సంగతి. అది మతిమరుపూ కాదు, మొండితనమూ కాదు. కుడి మెదడు దెబ్బతిన్నప్పుడు కన్ను బాగానే ఉన్నా ఎడమవైపు ఒకటుందని మెదడు పట్టించుకోదు, దీన్ని నెగ్లెక్ట్ అంటారు, అమ్మకు ఈ మాట తప్పకుండా చెప్పండి, సగం గొడవలు అక్కడే ఆగుతాయి. పేపర్‌లో ఎడమ అంచున ఎర్ర గీత గీసి, ప్రతి లైనుకూ ఆ గీత దాకా చూపు తీసుకెళ్లాకే చదవమనండి. కంచం పక్కన ఎడమవైపు ఎర్ర టేపు అంటించండి.

ధ్యాస అంటే ఒకటే పని కాదు. ఒకదాని మీద ఎక్కువసేపు నిలవడం వేరు, గోలలో కావలసింది పట్టుకోవడం వేరు, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం వేరు. నాన్నకు ఏది ఎంత తగ్గిందో పరీక్ష చేయించండి, మోకా, ఏసీఈ లాంటి ప్రశ్నలడిగే పరీక్షలు తెలుగులోనే ఉన్నాయి. మా థెరపీ గురించి కూడా నిజమే చెప్తాను. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2019లో 6 ట్రయల్స్ (రోగులను గుంపులుగా చేసి పోల్చే పరిశోధనలు), 223 మంది వివరాలు కలిపి చూస్తే, శిక్షణ అయిన వెంటనే రెండు పనుల ధ్యాస మెరుగైనట్టు కనిపించింది, ఆ మేలు తర్వాత కూడా నిలిచిందనడానికి ఆధారం దొరకలేదు. అందుకే నేను కంప్యూటర్ ఆటల కన్నా స్నానం, బట్టలు, భోజనం లాంటి ఇంటి పనుల మీదే సాధన చేయిస్తాను. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయాలి, ఒకసారికి ఒకే మాట, బాత్రూం గోడ మీద వరుసగా ఏం చెయ్యాలో పెద్ద అక్షరాలతో కాగితం.

ఇంకోటి, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగుతోందా, దిగులుగా ఉంటున్నారా, మత్తు తెప్పించే మందులేమైనా ఉన్నాయా, ఇవి నరాల డాక్టరును అడగండి. వీటివల్ల కూడా ధ్యాస పడిపోతుంది, వీటికి మందుంది.

సూదుల కోసం రిహాబ్ ఆపడం మాత్రం అస్సలు వద్దు. మొదటి నెలల్లోనే మెదడు ఎక్కువగా కోలుకుంటుంది, ఆ రోజులు మళ్లీ రావు.

జవాబు 2 (మెహిదీపట్నం):
మా అత్తమ్మకు రెండూ కలిపి చేయించాం. భుజం నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది, అది మేం కళ్లారా చూశాం. ధ్యాస కూడా మెల్లగా పెరిగింది, కానీ అది సూదుల వల్లా, రోజూ బియ్యంలో రాళ్లు ఏరించడం వల్లా, లేక దానంతటదే వచ్చిందా అంటే విడదీసి చెప్పలేను. ఒక్క మాట, ట్రాఫిక్‌లో క్లినిక్‌కు వెళ్లొచ్చేసరికి ఆమె వాడిపోయేది, ఆ సాయంత్రం ఏ పనీ చేసేది కాదు. తర్వాత ఫిజియో లేని రోజుకు సిట్టింగ్ మార్చుకున్నాం, అప్పుడు కుదిరింది.

జవాబు 3 (అమీర్‌పేట, బీఎన్‌వైఎస్ డాక్టర్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ):
నేను ఆక్యుపంక్చర్ చేస్తాను, అయినా ఫిజియో ఆపమన్న మాట నాకు నచ్చలేదు. స్ట్రోక్ రిహాబ్‌లో ఆక్యుపంక్చర్ మీద 2016లో కోక్రేన్ 31 ట్రయల్స్ చూసింది, కొంత మేలు ఉండొచ్చని, కానీ ఎక్కువ ట్రయల్స్ చిన్నవీ, నాణ్యత చాలనివీ కాబట్టి అందరికీ చేయించండని చెప్పలేమనీ తేల్చింది. చాలా ట్రయల్స్‌లో ఒక గుంపుకు రిహాబ్, ఇంకో గుంపుకు రిహాబ్‌తో పాటు సూదులు ఇస్తారు. ఉత్తుత్తి సూదులతో పోల్చకపోతే ఆ మేలు సూదిదా, అదనంగా దొరికిన శ్రద్ధదా అన్నది తెలియదు. కాబట్టి రిహాబ్‌కు తోడుగా అయితే సరే, దాని బదులు కాదు.

చేయించేటట్టయితే రక్తం పలచబడే మందులు సూదుల కోసం ఆపకండి, ఆపితే మళ్లీ స్ట్రోక్ ప్రమాదం. వాడుతున్నట్టు చెప్పండి, సన్న సూదులు పెట్టి, తీశాక కాసేపు నొక్కి పట్టుకుంటారు, కాస్త కమిలినా భయం లేదు. సూది మీ ముందే కొత్త ప్యాకెట్‌లోంచి తియ్యాలి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించకూడదు, ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసి ఉంటే అక్కడ సూది పెట్టనే కూడదు. చేసేవారి చదువు అడగండి, బీఎన్‌వైఎస్ ఐదున్నరేళ్ల కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. ముందు, తర్వాత ఒకే పరీక్ష చేయించి పోల్చండి. మొత్తం డబ్బు ముందే కట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ప్యాకేజీ కట్టట్లేదు, ఫిజియో ఆపట్లేదు. ముందు పరీక్ష చేయిస్తాం. అక్కా, స్కూటీ మీద రైతుబజారుకు వెళ్తానని రోజూ గొడవ, పంపించొచ్చా?

జవాబు 1:
వద్దు తమ్ముడూ. డాక్టరు చూసి సరేననేదాకా స్కూటీ తాళాలు మీ దగ్గరే ఉంచండి, ఎడమవైపు నుంచి దూసుకొచ్చే ఆటో ఆయన ధ్యాసలోకే రాదు. నడిపించి తీసుకెళ్లండి, పొద్దున్నే జనం తక్కువున్నప్పుడు. కొనాల్సినవి ఆయన చేతే రాయించండి, దారిలో మీరు ఆయనకు ఎడమపక్కనే నడుస్తూ మాట్లాడించండి.